బావిలో బెదరని చేపలు

నూజివీడు నుంచి విస్సన్నపేట పోయే దారిలో ఏ మామిడితోటలో పాత బావి పూడిక తీయించాలన్నా ముందు ఇన్నయ్యకి కబురు వెళ్తుంది. వచ్చేది మాత్రం ఇన్నయ్య ఒక్కడే కాదు. వెనకాలే మోకు చుట్ట భుజాన వేసుకుని అతని భార్య రిబ్కమ్మ వస్తుంది. ఆయన బావిలోకి దిగుతాడు, ఆమె ఒడ్డున నిలబడుతుంది. పేరేమో దిగినవాడికి వస్తుంది. ఒడ్డున నిలబడి తాడు పట్టుకున్నవాళ్ళని ఎవరు లెక్కచేశారు గనక. కానీ అసలు దిగాలా వద్దా అని తేల్చేది మాత్రం రిబ్కమ్మే. ఆమె బావిలోకి తొంగి చూసి, "ఊఁ, దిగు" అంటేనే ఇన్నయ్య లుంగీ ఎగ్గట్టేవాడు.

తొంగి చూసినప్పుడు ఆమె నీళ్ళని చూడదు. చేపల్ని చూస్తుంది.

రిబ్కమ్మ పుట్టింది కొల్లేటి పక్కన. వాళ్ళ నాన్న చేపల చెరువులకి కాపలా ఉండేవాడు. చెరువు గట్టు మీద రేకుల పాక, పాక ముందు తడక, తడక దాటితే నీళ్ళు. చదువు అయిదో తరగతితో ఆగింది గానీ చేప ఒంటి గురించి ఆమెకి తెలిసినంత ఆ చుట్టుపక్కల ఆడపిల్లలెవరికీ తెలియదు. ఇంకేం పని లేక నేర్చుకుంది తప్ప గొప్ప కోసం కాదు.

చిన్నప్పుడు ఒకసారి నాన్న తెచ్చిన కొరమీనుని పెంచుకుందామని బిందె నిండా నీళ్ళు పోసి, అందులో వేసి, పిల్లి ఎత్తుకుపోతుందని మూత పెట్టి పైన రాయి పెట్టింది. పొద్దున చూస్తే కొరమీను చచ్చి ఉంది. నాన్న కడుపుబ్బా నవ్వాడు. "చేపని నీళ్ళలో ముంచి చంపినదానివి నువ్వొక్కదానివేనే తల్లీ" అన్నాడు. ఆ తర్వాత కూర్చోబెట్టి చెప్పాడు. బొచ్చె, శీలావతి లాంటివి మొప్పలతో నీళ్ళలో కలిసి ఉన్న గాలినే పీల్చుకుంటాయి. కొరమీనుకి ఆ గాలి చాలదు. అది మధ్య మధ్య పైకొచ్చి మూతి బయటపెట్టి మనలాగే ఓ గుక్క గాలి మింగి పోవాలి. పైకి రావడానికి జాగా లేకపోతే నిండు నీళ్ళలోనే దానికి ఊపిరాడదు. దాని చుట్టం మట్టగిడస ఇంకా మొండిది. చెరువు ఎండిపోతుంటే తడి బురదలోకి దూరి, వాన పడేదాకా అక్కడే ప్రాణం బిగబట్టుకుని ఉంటుంది.

ఉప్పుటేరు మీదుగా సముద్రపు పోటు ఎగదన్నినప్పుడు పండుగప్పలు వచ్చేవి. ఉప్పునీళ్ళలో బతికేవి మంచినీళ్ళలోకి ఎలా వస్తాయని రిబ్కమ్మ అడిగింది. చేపల డిపార్ట్‌మెంటు ఆయన చెప్పాడట, దాన్ని నాన్న తన మాటల్లో చెప్పాడు: "ఉప్పులో ఉన్నప్పుడు నీళ్ళు తాగుద్ది, ఉప్పుని మొప్పల్లోంచి బయటికి తోస్తది. మంచినీళ్ళలోకొచ్చాక తాగుడు మానేసి ఊరికే ఉచ్చ పోస్తా ఉంటది. మీ మావయ్యకి చెప్పు, తాగుడు మానెయ్యడం చేపకే చేతనైంది, ఆయనకేం రోగం." ఆ మాట మావయ్యకి చెప్పినందుకు రిబ్కమ్మ తన్నులు తిన్నది.

ఇలా ఒక్కో చేపకి ఒక్కో ఒళ్ళు, ఒక్కో ఒంటికి ఒక్కో నీరు. మబ్బు పట్టిన రోజు గడిచాక తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటే నీళ్ళలో గాలి అయిపోయిందని అర్థం. అప్పుడు నాన్న కేకలు వేసుకుంటూ ఇంజను ఆన్ చేసి నీళ్ళు చిమ్మించేవాడు. చేపలు నిమ్మళంగా తిరుగుతుంటే మంచం మీద నడుం వాల్చేవాడు. నిమ్మళంగా ఉన్న చేపని చూసి నిమ్మళంగా ఉండటం రిబ్కమ్మకి ఆ గట్టు మీదే అలవాటైంది.

పెళ్ళై నూజివీడు వైపు వచ్చాక ఆమెకి మొదట్లో దిక్కు తోచలేదు. ఎటు చూసినా మామిడి చెట్లే. ఎర్ర నేల. చేప అంటే ఐసు పెట్టెలో కళ్ళు తేలేసి వచ్చేదే. అలాంటిది మొదటిసారి ఇన్నయ్యతో బావి పనికి వెళ్ళి లోపలికి చూస్తే అడుగున నల్లగా రెండు మట్టగిడసలు కదిలాయి. పుట్టింటివాళ్ళు కనిపించినంత సంబరపడింది. "నీళ్ళు మంచియ్యేనయ్యా, చేపలున్నాయి" అంది. ఆ రోజు పని సాఫీగా సాగింది. ఆ తర్వాతి బావిలోనూ సాగింది.

ఇన్నయ్య తండ్రి కూడా బావుల మనిషే. ఆయన దిగేముందు లాంతరు వెలిగించి తాడుకి కట్టి వదిలేవాడు. దీపం ఆరకపోతేనే మనిషి దిగాలి, అది ఆయన నేర్పిన పని. ఇన్నయ్య చాలాకాలం అలాగే చేశాడు. కానీ లాంతరుకి కిరసనాయిలు కావాలి, కిరసనాయిలు దొరకడం మానేసింది. పైగా రిబ్కమ్మ కళ్ళుండగా లాంతరెందుకు. చేప బతికిందంటే మనిషి బతకడా అని ఇన్నయ్య నలుగురి ముందూ గర్వంగా అనేవాడు. రిబ్కమ్మకీ ఆ మాట తీపిగానే ఉండేది. భర్త తన మాట మీద పాతాళంలోకి దిగుతాడంటే ఏ ఆడదానికి ఉండదు? లాంతరు ఇంటి చూరుకి ఎక్కింది. అన్నేళ్ళూ వాళ్ళని కాపాడింది చేపలు కావు, ఆ బావులు మూతల్లేకుండా గాలాడుతూ ఉండటమే. ఆ సంగతి ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

ఈ వేసవిలో జగన్మోహనరావు దగ్గర్నుంచి కబురు వచ్చింది. ఆయన నూజివీడులో మామిడి వ్యాపారి. తోటలో బోరు ఎత్తిపోయింది. పాత బావిని మళ్ళీ వాడుకలోకి తేవాలని ఆయన ఆలోచన. ఎప్పుడూ తాడు లాగే మనిషి ఏదో పెళ్ళికని మైలవరం వెళ్ళాడు. అందుకని హనుమాన్ జంక్షన్లో ఆటో నడుపుకునే తమ కొడుకు సంతోష్ కుమార్‌ని పిలిచారు. వాడు ఒక పూట బేరం పోతుందని సణుక్కుంటూనే వచ్చాడు. వాడికి బావి పని గిట్టదు. తండ్రి దాన్ని వదిలేస్తే చాలని కోరుకునే బాపతు.

ఎవరూ పడకుండా బావి మీద ఇనుప రేకులు పరిచి ఉన్నాయి. వాళ్ళు వచ్చేసరికి తోట మనుషులు రేకులు పక్కకి లాగుతున్నారు. రేకులు తీయగానే కమ్మటి వాసన గుప్పుమంది. పండిన రసాలు కుప్ప పోసిన గదిలో వచ్చే వాసన, దాని వెనక కొంచెం పులుపు.

"మొన్న గాలిదుమారానికి కాయ బాగా రాలిందిగా" అన్నాడు జగన్మోహనరావు. "పచ్చళ్ళవాళ్ళు కూడా వద్దన్నారు. మావాళ్ళు ఇందులో గుమ్మరించారు. నీళ్ళలో పడకుండా అరుగు మీదే పడ్డట్టుంది లెండి. ముందు ఆ చెత్త తీయాలి ఇన్నయ్యా."

బావి వెడల్పైనది. చుట్టూ రాతికట్టు. లోపల నీళ్ళకి కాస్త పైన, మనిషి తిరగడానికి వీలుగా గుండ్రంగా రాతి అరుగు ఉంది. దాని మీద ఒకవైపు రాలుకాయలు గుట్టగా పడి, నల్లబడి, పగిలి, నురుగు కక్కుతున్నాయి. కింద నీళ్ళు మాత్రం తేటగా ఉన్నాయి. రెండేళ్ళ కిందట రావుగారు సరదాపడి వేయించిన బొచ్చెలు, శీలావతులు అందులో పెరిగి పెద్దవయ్యాయి.

రిబ్కమ్మ కొంగులో తెచ్చిన తవుడు పిడికెడు విసిరింది. బొచ్చెలు పైకి వచ్చాయి. తొందరేమీ లేదు. మెల్లగా వచ్చి, నోరు తెరిచి, మెల్లగా తవుడు అందుకున్నాయి. ఒకదాన్నొకటి తోసుకోలేదు. నోళ్ళు తేలేసి గుటకలు కూడా వేయలేదు. ఊట బావి, నీళ్ళు కొత్తవి, ఊపిరికి కొదవ లేదు అనుకుంది.

"నిమ్మళంగా ఉన్నాయి. దిగు" అంది.

ఇన్నయ్య మోకుకి వేలాడదీసిన చెక్క పలక మీద కూర్చున్నాడు. మోకు గిలక మీదుగా జారింది. తల్లీకొడుకులు, తోట మనుషులు ఇద్దరు కలిసి వదులుతూ వచ్చారు. అరుగు మీద కాలు పెట్టి ఆయన పలక దిగాడు, పలక తాడుకే తట్ట కట్టాలి గనక నడుముకి చుట్టుకున్న దాని కొసని విప్పుకున్నాడు. నడుముకి తాడు ఉంచుకోమని రిబ్కమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. వంగి పని చేసేటప్పుడు కాళ్ళకి అడ్డం పడుతుందని ఆయన వినడు. మొండితనం ఆ ఇంట్లో అందరికీ ఉంది.

"ఏం వాసనే బాబూ, కల్లు దుకాణంలా ఉంది" అని కింద నుంచి నవ్వాడు. పార తీసుకుని గుట్ట మీదకి వంగాడు.

రెండోసారి వంగినవాడు లేవడానికి గోడ పట్టుకున్నాడు.

"రిబ్కా" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "తల తిరుగుతోంది."

"పలక మీద కూర్చో. లాగుతాం. ఏమయ్యో, పలక పట్టుకో."

ఆయన పలక వైపు చెయ్యి చాపాడు. చెయ్యి దానికి జానెడు పక్కన గాలిలో ఆడింది. తర్వాత అలసిపోయి కూర్చున్నట్టు అరుగు మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు పక్కకి ఒరిగాడు. తల గోడకి ఆనింది, ఒక కాలు నీళ్ళలోకి జారింది.

"నాన్నా" అన్నాడు సంతోష్. ఇన్నయ్య తల ఎత్తలేదు.

ఒడ్డున ఒక్కసారిగా గోల లేచింది. ఎండదెబ్బ అన్నాడొకడు. గాలి సోకిందన్నాడు ఇంకొకడు. పొద్దున ఏమీ తినలేదేమో అన్నారెవరో. చెప్పేవాళ్ళకి లోటేముంది, పక్క తోట నుంచి కూడా జనం పరుగెత్తుకొచ్చారు. సంతోష్ ఆ మాటలేవీ వినలేదు. చొక్కా తీసి పారేశాడు, మోకు పట్టుకున్నాడు, బావి గట్టు మీదకి ఎక్కాడు.

రిబ్కమ్మ కూడా అదే పని చేయబోయింది. ఆమె ఒక మోకాలు అప్పటికే గట్టు మీద ఉంది. నా మాట మీద దిగాడు, నేనే దిగి తెస్తాను అన్నది తప్ప ఆమె బుర్రలో ఇంకేమీ లేదు.

వంగినప్పుడు నీళ్ళు కనిపించాయి. గట్టు చుట్టూ జనం కమ్ముకోవడంతో తలల నీడలు నల్లగా నీళ్ళ మీద పడి కదులుతున్నాయి. ఆ నీడల కిందే ఒక పెద్ద బొచ్చె పైపైన ఉంది. పారిపోలేదు. ఎవరి కాలో తగిలి ఒక రాయి జారి దాని పక్కనే బుడుంగుమని పడింది. బొచ్చె కొంచెం పక్కకి వంగి, మళ్ళీ నిదానంగా సర్దుకుంది. అంతే.

రిబ్కమ్మ దాన్నే చూస్తూ గట్టు మీద ఆగిపోయింది.

పైన కొంగ నీడ ఆడితే చాలు, బొచ్చె అడుగుకి మాయమవుతుంది. దాని ఒంట్లో ఎముక ఎముకకీ భయం ఉంటుంది, ఆ భయమే దాన్ని బతికిస్తుంది. నీడకి బెదరని చేప, రాయికి బెదరని చేప నిమ్మళంగా ఉన్నట్టు కాదు, మత్తులో ఉన్నట్టు. పైనున్న చెడ్డ గాలి అప్పటికే నీళ్ళలోకి దిగుతోంది. ఇందాక తవుడు వేసినప్పుడే చేపలు ఆ మాట చెప్పాయి. కుమ్ములాట లేకుండా మెల్లగా వచ్చాయే, అదే ఆ మాట. తను వినలేదు. నిమ్మళం అని పేరు పెట్టి మొగుణ్ణి దించేసింది. ఊట నీటిలో మొప్పలతో పీల్చుకునే చేపకే ఇలా ఉంటే, ఆ నీళ్ళకి పైన, పులిసిన పళ్ళ పక్కన ముక్కుతో పీల్చేవాడికి ఎలా ఉంటుంది? అక్కడికి ఎవరు దిగినా ఇన్నయ్య పక్కనే పడతారు. ముందు సంతోష్. తర్వాత తను. తర్వాత జాలిపడ్డవాడెవడైనా.

మోకాలు వెనక్కి లాక్కుంది. సంతోష్ అప్పటికి ఒక కాలు లోపలికి వేశాడు. రిబ్కమ్మ రెండు చేతులతో వాడి మణికట్టు పట్టుకుని, గట్టు రాయికి రెండు పాదాలూ తన్నిపెట్టి, వెనక్కి పడింది. వాడూ ఆమె మీద పడ్డాడు.

"వదులమ్మా."

"వద్దురా. లోపల గాలి లేదు."

"నాన్న చచ్చిపోతాడే. వదులు."

"నువ్వు కూడా పోతావు. ఆ చేపల్ని చూడు."

"చేపలా?" వాడి మొహం ఎర్రబడింది. "ఇందాక చేపల్ని చూసే కదా దించావు. ఇంకా చేపలంటావేంటి?"

ఆమె పట్టు ఇంకా బిగించింది. వాడు గింజుకున్నాడు, లాగాడు, ఆమెని నేల మీద రెండడుగులు ఈడ్చాడు. మోచేతులు ఎర్రమట్టిలో గీసుకుపోయాయి. వాడు రెండో చెయ్యి ఎత్తాడు. పుట్టాక మొదటిసారి తల్లి మీద చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి గాలిలో ఆగింది, కిందికి దిగింది. వాడు ఏడుస్తూ కింద కూర్చున్నాడు. అప్పుడు కూడా ఆమె పట్టు వదల్లేదు.

"రావుగారూ, కొవ్వొత్తి ఉందా అండీ" అని అడిగింది. "ఎవర్నీ దగ్గరికి రానివ్వకండి. ఫైరు వాళ్ళకి ఫోన్ చెయ్యండి."

జగన్మోహనరావు ఫోను అప్పటికే చెవి దగ్గరుంది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. షెడ్డులో కరెంటు పోయినప్పుడు వెలిగించే కొవ్వొత్తి తెచ్చారు. దాన్ని రేకు డబ్బాలో నిలబెట్టి, తీగకి కట్టి వదిలారు. మనిషి ఎత్తు దిగిందో లేదో మంట చిన్నదైంది. ఇంకొంచెం దిగింది. పక్కనుంచి ఎవరూ ఊదలేదు, గాలి వీచలేదు. ఆరిపోయింది.

గోల ఆగిపోయింది. ఎండదెబ్బ అన్నవాడు నోరు మూసుకున్నాడు. సంతోష్ ఆ డబ్బా వైపు చూసి, కింద పడి ఉన్న తండ్రి వైపు చూసి, తల్లి చేతుల్లో ఉన్న తన చేతి వైపు చూశాడు. గింజుకోవడం మానేశాడు.

కింద ఇన్నయ్య వేళ్ళు కదిలాయి. కదిలాయనే రిబ్కమ్మ చెప్పింది. మిగతావాళ్ళకి కనిపించలేదు.

ఇప్పుడేం చేయాలి? ఇన్నయ్య తండ్రి లాంతరు ఆరిపోయిన రోజుల్లో ఏం చేసేవాడో ఇన్నయ్య కథలుగా చెప్పేవాడు. ఆకుల కొమ్మలు మోపు కట్టి, తాడుతో బావిలోకి వదిలి, పైకీ కిందికీ గట్టిగా ఆడించాలి. కింద నిలిచిపోయిన గాలి అప్పుడు కదులుతుంది.

"కొమ్మలు కావాలండీ. గుబురుగా ఉన్నయ్యి, పెద్దయ్యి" అంది.

దగ్గర్లో ఉన్నవన్నీ బంగినపల్లి చెట్లు. గాలిదుమారానికి నిలిచిన కాయ వాటి మీదే ఉంది, ఇంకొద్ది రోజుల్లో కోతకి వస్తుంది. కత్తి పట్టుకున్నవాడు చెట్టు కింద నిలబడి యజమాని వైపు చూశాడు.

"నన్ను చూస్తావేంట్రా" అని అరిచాడు జగన్మోహనరావు. "కాయతోనే నరుకు."

కాయలతోనే నరికారు. కొమ్మలు నేలకి తగిలినప్పుడు కాయలు దబదబ రాలాయి. మోపు కట్టి బావిలోకి వదిలారు. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు తాడు పట్టి ఎత్తడం, వదలడం. ఎత్తినప్పుడల్లా లోపలి నుంచి ఆ కమ్మటి పులిసిన వాసన మొహాన కొట్టింది. అది వస్తున్నకొద్దీ మంచిదే అనుకుంది రిబ్కమ్మ. ఇంకోవైపు తొట్టిలో నీళ్ళు బక్కెట్లతో తెచ్చి, పడినవాడి మీద పడకుండా ఎదుటి గోడ మీదుగా గుమ్మరించారు. నీటి ధారతో పాటు పైగాలి కూడా దిగుతుందని ఎవరో చెప్పారు. ఈసారి సలహా మంచిదే.

కొవ్వొత్తి మళ్ళీ వదిలారు. ఇంతకుముందు కంటే లోతుకి వెళ్ళి ఆరింది. మళ్ళీ కొమ్మలు. మళ్ళీ కొవ్వొత్తి. ఫైరింజను నూజివీడులో బయల్దేరిందన్నారు, తోట దారి ఇరుకు, ఎక్కడుందో తెలియదు. ఇన్నయ్య వేళ్ళు ఇప్పుడు కదలడం లేదు. కదలడం లేదని ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే సంతోష్ ఉండడు. అంతసేపూ కొడుకు మణికట్టు ఆమె పిడికిట్లోనే ఉంది, మొగుడు కళ్ళెదురుగా పోతున్నాడు, ఏం చేస్తున్నదో ఆమెకి బాగా తెలుసు. తెలిసే పట్టుకుంది.

నాలుగోసారో అయిదోసారో కొవ్వొత్తి అరుగు దాకా వెళ్ళింది. మంట వంగింది, సన్నబడింది, నిలబడింది. డబ్బా ఇన్నయ్య భుజం పక్కన ఆగి వెలుగుతూనే ఉంది.

రిబ్కమ్మ మోకు తీసుకుంది. కొడుకు నడుముకి రెండు చుట్లు చుట్టింది, ముడి వేసింది, ముడి మీద ముడి వేసింది. ఇంకో తాడు వాడి చేతికి ఇచ్చింది.

"నాన్న చంకల కింద కట్టు. వంగొద్దు, మోకాళ్ళ మీద కూర్చుని కట్టు. కొవ్వొత్తిని చూస్తా ఉండు. అది ఆరితే కట్టినా కట్టకపోయినా నేను నిన్ను లాగేస్తా."

"నాన్నని వదిలేసా?"

"లాగేస్తానన్నానుగా."

వాడు పలక ఎక్కాడు. అంతసేపు పట్టుకున్న చేతిని రిబ్కమ్మ అప్పుడు వదిలింది. వదిలిన చేతులతోనే మోకు పట్టుకుని, వాణ్ణి తనే దించింది. కొమ్మల మోపు పక్కన ఆడుతూనే ఉంది. ఆమె కొడుకుని చూడలేదు, మొగుణ్ణి చూడలేదు, మంటని చూసింది. ఊపిరి తీసుకుందో లేదో ఆమెకే తెలియదు. మంట ఒకసారి నీలంగా మారి కుంచించుకుపోయింది. ఆమె చేతులు బిగిశాయి. మళ్ళీ లేచింది.

"కట్టాను. లాగండి" అని కేక వినిపించింది. గొంతు బొంగురుగా ఉంది.

ముందు ఇన్నయ్య వచ్చాడు, తల వేలాడుతూ. వెంటనే సంతోష్ వచ్చి గట్టు మీద పడి కక్కుకున్నాడు. ఇన్నయ్య పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. రిబ్కమ్మ ఆయన్ని పక్కకి తిప్పింది, వీపు మీద చరిచింది, పేరు పెట్టి పిలిచింది, తిట్టింది. ఆయన గొంతులోంచి గురకలాంటి శబ్దం ఒకటి వచ్చింది. తర్వాత ఇంకొకటి. తోట గేటు దగ్గర ఫైరింజను, దాని వెనక అంబులెన్సు అప్పుడు కనిపించాయి. అంతవరకు ఒక్క చుక్క రాని రిబ్కమ్మ కళ్ళ వెంట ధారగా కారింది.

పులిసే పండు వదిలే గాలి మామూలు గాలి కంటే బరువు, పైకి లేవకుండా గుంటలో నిలిచిపోతుందని మర్నాడు నూజివీడు ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. మనిషినైనా చేపనైనా అది ముందు మత్తులో పడేస్తుందట. కొవ్వొత్తి కూడా పూర్తిగా నమ్మదగింది కాదు, కొన్ని విషపు గాలుల్లో దీపం ఆరదు, మనిషి ఆరిపోతాడు, ఇంకెప్పుడూ మూసిన బావిలోకి దిగొద్దు అని గట్టిగా మందలించింది. రిబ్కమ్మ తలూపింది. దిగనివ్వను అంది.

డాక్టరమ్మ వెళ్ళాక వార్డులో ముగ్గురే మిగిలారు. ఇన్నయ్య ముక్కుకి ఆక్సిజన్ గొట్టం ఉంది. కళ్ళు తెరిచాడు, మనుషుల్ని గుర్తుపట్టాడు. చాలా చిన్న గొంతుతో మాట్లాడాడు.

"నేను పడగానే దూకబోయావంటగదరా?"

"అమ్మ దూకనివ్వలేదు" అన్నాడు సంతోష్. వాడి మణికట్టు చుట్టూ నాలుగు వేళ్ళ గుర్తులు నల్లగా కమిలి ఉన్నాయి. వాటిని రుద్దుకుంటూ కిటికీ వైపు తిరిగాడు. నిన్నటి నుంచి వాడు తల్లితో సరిగా మాట్లాడలేదు. ఇప్పుడు కూడా ఆమెని చూడకుండానే అడిగాడు.

"కొవ్వొత్తి ఆరిపోతానే ఉంటే ఏం చేసేదానివి?"

రిబ్కమ్మ మంచం కాళ్ళవైపు నిలబడి ఉంది. కూర్చునే ధైర్యం ఆమెకి రాలేదు. ఇద్దరి మధ్యా చూపు అటూ ఇటూ తిరిగింది. అబద్ధం చెప్పొచ్చు. ఆ పూటకి అందరికీ హాయిగా ఉండేది.

"పట్టుకునే ఉండేదాన్ని" అంది.

"నాన్న పోయినా?"

"పోయినా."

ఆ మాట మొగుడి ముందే అంది. "నేనే దించాను. దించినదాన్ని నేనే. అయినా నిన్ను వదిలేదాన్ని కాదురా."

ఆక్సిజన్ సీసాలో నీళ్ళు బుడబుడమంటున్నాయి. సంతోష్ కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు.

ఇన్నయ్య దుప్పటి కింద మెల్లగా కాళ్ళు ముడుచుకున్నాడు. మంచం మీద ఆ చివర కాస్త చోటైంది.

"ఇట్టా కూర్చో" అన్నాడు. "నిన్నటి నుంచీ నిలబడే ఉన్నావు."